రసీదు లేని హక్కు

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేలను నడిగడ్డ అంటారు. గద్వాల, ధరూర్, మల్దకల్, గట్టు, అలంపురం అన్నీ ఆ నేలలోనివే. 2025 మే నెలలో ఒక శుభకార్యానికి ఆ వైపు వెళ్ళాను. తెల్లవారుజామున నిద్ర పట్టక, ఊరి వెలుపలి చెరువు కట్ట మీద నడుస్తుంటే, లోపల నలభై మందిదాకా పూడిక తీస్తూ కనిపించారు. ముప్పాతిక మంది ఆడవాళ్ళే. ఎండ ముదరకముందే పని ముగించుకోవాలని చీకటితోనే వచ్చారట. ఊరి పేరు వ్రాయను. ఇది ఏ ఒక్క ఊరి కథా కాదు కనుక వ్రాయవలసిన అవసరమూ లేదు.

గంప దించి నీళ్ళు తాగుతున్న ఒక పెద్దావిడను పలకరించాను.

"ఏం పనమ్మా ఇది?"

"కరువు పని."

"ఈ పని కావాలని ఎప్పుడు అడిగారు?"

ఆవిడ నా వంక కాస్త జాలిగా చూసింది. "అడిగితే యాడిస్తరు నాయినా? ఇచ్చినపుడు పోతం."

"అడిగినట్టు కాగితమేమైనా ఇస్తారా?"

"కార్డున్నది గద!" అని, గంప ఎత్తుకుని దిగిపోయింది.

అంతే జరిగింది. కానీ తిరిగి వచ్చాక కూడా ఆ మాటలు నన్ను వదలలేదు. ఉపాధి హామీ పథకం బాగా పనిచేసిందా లేదా అన్న చర్చ ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. దేశాన్ని ఉద్ధరించిందన్నవారున్నారు. గుంతలు త్రవ్వి గుంతలు పూడ్చే దండుగ వ్యవహారమన్నవారున్నారు. ఆ పెద్దావిడ మాత్రం ఈ రెండు పక్షాలూ పట్టించుకోని సంగతిని నాలుగు ముక్కల్లో చెప్పేసింది. చట్టంలో ఉన్నది 'అడిగితే ఇవ్వాలి' అని. ఊళ్ళో నడిచింది 'ఇచ్చినపుడు పోతం' అని. పథకం మంచిచెడ్డలన్నీ ఈ రెండు వాక్యాల మధ్యనున్న దూరంలోనే ఉన్నాయని నా అభిప్రాయం. ఆ దూరాన్ని కొలవడానికి నాకు దొరికిన కొలబద్ద ఒక చిన్న కాగితం ముక్క. పని అడిగినవారికి ఇవ్వవలసిన తేదీ వేసిన రసీదు.

ముందుగా ఆ పేరు సంగతి చూద్దాం. అధికారులు పథకానికి ఎన్ని పేర్లు పెట్టినా, పాలమూరు వైపు పల్లెల్లో చాలామంది దాన్ని 'కరువు పని' అనే అన్నారు. ఈ పేరు ఊరికే పుట్టలేదు. 1876-78లో వచ్చిన ధాత కరువునాడు మద్రాసు రాజధానిలో జనం చేత రోడ్లు వేయించారు, కాలువలు త్రవ్వించారు. చెన్నపట్నంలో అడయారునూ కూవాన్నీ కలిపిన బకింగ్‌హాం కాలువ భాగం అట్లా త్రవ్వినదే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరవారు వచ్చి, ఖజానా ఖర్చు ఎక్కువవుతోందని, మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునని తగ్గించారు. ఆనాటి సిద్ధాంతం ఏమిటంటే, సహాయం పొందాలంటే కష్టం భరించాలి. నిజంగా ఆకలిగొన్నవాడే అంత కష్టానికి సిద్ధపడతాడు. కాబట్టి పనిని ఎంత కఠినం చేస్తే అనర్హులు అంతగా ఏరివేయబడతారు. పని అక్కడ ఒక పరీక్ష. పెట్టాలా వద్దా, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది సర్కారు దయ.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా కరువు పనుల స్వభావం పెద్దగా మారలేదు. వానలు లేని ఏడు కలెక్టరు పనులు 'తెరిచేవాడు', వానలు పడగానే 'మూసేవాడు'. దీనికి తొలి గండి కొట్టింది మహారాష్ట్ర. 1972-73 నాటి ఘోరమైన కరువు అనుభవం నుంచి, వి.ఎస్. పాగే ఆలోచనతో, అక్కడ ఉపాధి హామీ చట్టం 1977లో వచ్చి 1979 జనవరి 26 నుంచి అమలైంది. పని ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత, అడగడం మనిషి హక్కు అన్న మాట ఈ దేశపు చట్టంలో మొదటిసారి కనబడింది అక్కడే. దాన్నే దేశమంతటికీ విస్తరిస్తూ 2005లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. మొదటి విడతలో దేశంలో 200 జిల్లాలు, మన ఉమ్మడి రాష్ట్రంలో 13. ఆ 13లో మహబూబ్‌నగర్ ఒకటి. అంటే ధరూర్ వంటి ఊళ్ళు ఈ చట్టాన్ని తొలి రోజు నుంచీ చూశాయి. కాబట్టి 'ఇంకా అలవాటు కాలేదు' అనే సాకు ఇక్కడ చెల్లదు.

ఆ చట్టంలో నన్ను ఆకట్టుకున్నది వంద రోజులు అన్న అంకె కాదు. దాని లోపలి యంత్రాంగం. పని కావాలని కుటుంబం దరఖాస్తు పెట్టుకుంటే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి 15 రోజులలోగా పని చూపాలి. చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి. మొదటి 30 రోజులకు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తరువాత కనీసం సగం. ఇందులో ఒక గడుసుదనం ఉన్నది. పని కల్పిస్తే మోటు పనివారి కూలి మొత్తం కేంద్రం ఇచ్చేది. కల్పించకపోతే భృతి రాష్ట్రం తన జేబులోంచి ఇవ్వాలి. అనగా పని పెట్టకపోవడమే రాష్ట్రానికి నష్టమయ్యేటట్టు చట్టాన్ని అల్లారు. ఎద్దు నిలబడిపోతే పొడవడానికి చేతిలో ముల్లుకర్ర ఉన్నట్టన్నమాట.

అయితే ఆ ముల్లుకర్ర కూలివాని చేతికి రావాలంటే రసీదు ఉండాలి. రసీదు మీద తేదీ ఉంటేనే 15 రోజుల లెక్క మొదలవుతుంది. రసీదు లేకపోతే అడిగినట్టే కాదు; అడగకపోతే ఇవ్వనట్టూ కాదు; ఇవ్వనట్టు కాకపోతే భృతి ప్రశ్నే లేదు. చూశారా, ఒక్క కాగితం ముక్క ఇవ్వకుండా చట్టాన్ని ఎంత సుఖంగా నిద్రపుచ్చవచ్చో! దేశం మొత్తం మీద ఈ ఇరవై ఏళ్ళలో నిరుద్యోగ భృతి చెల్లింపు అన్నది దాదాపు లేదనే చెప్పాలి. అడిగిన ప్రతివారికీ పని దొరికిందనా దీని అర్థం? ఏటా ఒక్కో కుటుంబానికి దొరికిన పని సగటున వంద రోజులలో సుమారు సగమే. మిగిలిన సగం రోజులూ జనమే వద్దన్నారని కాగితాల మీద తేలుతుంది. చెరువులోని ఆ పెద్దావిడను అడిగితే వేరే సమాధానం వస్తుంది.

ఇక్కడ ఫీల్డ్ అసిస్టెంటును తిట్టడం తేలిక, సబబు మాత్రం కాదు. రసీదు వ్రాసి ఇచ్చిన మరుక్షణం గడియారం అతని మీదే తిరగడం మొదలవుతుంది. పనికి అంచనా వేయవలసినవారు మరొకరు, మంజూరు చేయవలసినవారు ఇంకొకరు, నిధులు విడుదల చేయవలసినవారు ఎక్కడో ఢిల్లీలో. వీటిలో దేని మీదా అధికారం లేనివాడు, అన్నిటికీ జవాబుదారీ అయ్యే కాగితం మీద ఎందుకు సంతకం పెడతాడు? తెలంగాణలో వీరి సంగతి మరీ విచిత్రం. పనితీరును పనిదినాల లెక్కతో ముడిపెట్టిన ఉత్తర్వును వ్యతిరేకిస్తూ 2020 మార్చిలో సమ్మె చేస్తే, 7,500 మందికి పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను తొలగించారు. తిరిగి తీసుకున్నది 2022 ఆగస్టులో. ఆ రెండేళ్ళకు పైగా వారి పని పంచాయతీ కార్యదర్శుల నెత్తిన పడింది. సరిగ్గా ఆ కాలంలోనే కరోనా వచ్చి, నగరాలకు పోయినవారు మూటాముల్లే సర్దుకొని ఊళ్ళకు తిరిగివచ్చారు. 2020-21లో దేశమంతటా 7.5 కోట్ల కుటుంబాలు ఈ పనికి వెళ్ళాయి. సుమారు 389 కోట్ల పనిదినాలు నడిచాయి. ఈ చట్టం అత్యంత అవసరమైన ఏడాదిలోనే, మా రాష్ట్రపు పల్లెల్లో పని అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్పే మనిషి లేకపోయాడు.

ఇంతవరకూ చదివి, నేను ఈ పథకానికి వ్యతిరేకినని అనుకోకండి. మన ఉమ్మడి రాష్ట్రం చేసిన మంచి పనులు తక్కువేమీ కావు. వాటిని మరిచిపోవడం అన్యాయం. మస్టర్లు కాగితాల కట్టల్లో మగ్గకుండా మొదటి నుంచీ కంప్యూటరుకెక్కాయి. ఏ ఊళ్ళో ఎవరికి ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నది అంతర్జాలంలో ఎవరైనా చూసుకునేటట్టు పెట్టారు. అంతకన్నా గొప్పది సామాజిక తనిఖీ. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు ఊరి నడిబొడ్డున లెక్కలు చదివించే పద్ధతిని ఉద్యమంగా నడిపితే, దాన్ని ప్రభుత్వమే తన మీద తానే వేసుకునే తనిఖీగా మార్చినది ఆంధ్రప్రదేశ్. 2006 నుంచే ఇది మొదలైంది. 2009లో దీనికి ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. చదువుకున్న పల్లె యువకులు ఇంటింటికీ తిరిగి, 'నీ పేరున ఇన్ని రోజుల కూలి వ్రాసి ఉన్నది, నీకు ముట్టిందా?' అని అడిగి, చివరకు మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవారు. కూలివాడు అధికారిని నలుగురిలో ప్రశ్నించడం మన పల్లెలకు కొత్త. ఆ దృశ్యం ఒక్కటి చాలు, ఈ పథకం వృథా కాలేదని చెప్పడానికి.

దాని పరిమితి కూడా చెప్పుకోవాలి. ఫర్జానా ఆఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు మన రాష్ట్రపు తనిఖీ నివేదికలనే పరిశీలించి, 2014లో ఒక వ్యాసం ప్రచురించారు. తనిఖీలు జరిగినకొద్దీ కూలి విషయంలోని అక్రమాలు తగ్గినట్టున్నా, సామగ్రి విషయంలోవి, అంటే పట్టుకోవడం కష్టమైనవి, పెరిగాయని తేల్చారు. ఒక కన్నం పూడిస్తే నీరు మరో కన్నం వెతుక్కున్నది. పైగా తేలిన సొమ్ములో తిరిగి రాబట్టినది స్వల్పం.

నాకు మరొక లోపం కూడా కనబడుతుంది. ఆ తనిఖీ ప్రధానంగా 'వ్రాసినది జరిగిందా?' అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. 'జరగవలసినది వ్రాశారా?' అన్నది వెనకబడింది. పని చేయనివాని పేరు మస్టరులో ఉంటే దొరుకుతుంది. పని అడిగి పొందనివాని పేరు ఎక్కడా ఉండదు కనుక ఎవరికీ దొరకదు. దొంగ పేర్లను వెతికే కళ్ళకు లేని పేర్లు ఎట్లా కనబడతాయి?

పైగా, దొంగతనాన్ని ఆపాలనే తపన రానురానూ పనివాని మీదికే తిరిగింది. 2021లో తెచ్చి 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన ఫోను హాజరు పద్ధతి ఒక ఉదాహరణ. పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి పంపాలి. నేను చెరువు దగ్గరున్నప్పుడే మేటు అందరినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీసి, సిగ్నలు కోసం కట్ట మీదికెక్కి, ఫోనును ఆకాశానికి ఎత్తి చాలాసేపు అటూయిటూ తిరిగాడు. ఫొటో పోకపోతే ఆ పూట హాజరు అనుమానమే. మరి ఇంత చేసి దొంగతనం ఆగిందా? ఫొటోకు ఫొటో తీసి పంపుతున్నారని, పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. 2024 జనవరి 1 నుంచి కూలి చెల్లింపు ఆధార్‌తోనే అన్నారు. దానికి సిద్ధమయ్యే హడావిడిలో 2022-23 ఒక్క ఏడాదిలోనే దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా పనివారి పేర్లు జాబ్ కార్డుల నుంచి తొలగిపోయాయి. వాటిలో చనిపోయినవారివి, రెండుసార్లు నమోదైనవి కొన్ని ఉండి ఉండవచ్చు. పేరు పోయిందని పనికి వెళ్ళినప్పుడే తెలిసినవారూ ఉన్నారు.

కూలి సంగతి చూడండి. 2006లో మన రాష్ట్రంలో రోజుకు 80 రూపాయలతో మొదలై, 2025-26 నాటికి తెలంగాణలో 307 రూపాయలకు చేరింది. వినడానికి బాగున్నది. కానీ అది రోజుకు కట్టిన జీతం కాదు. త్రవ్విన మట్టి కొలతకు కట్టిన ధర. గుంపంతా కలిసి ఇన్ని ఘనపు మీటర్లు త్రవ్వితే ఇంత; దాన్ని తలలకు పంచుతారు. మే నెలలో నడిగడ్డ నేల రాయిలా ఉంటుంది. గడ్డపార దెబ్బకు పెళ్ళ లేవదు. అందుకే ఉమ్మడి రాష్ట్రపు రోజుల నుంచీ వేసవిలో కొంత భత్యం కలిపేవారు. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30. ఇది ఎవరో కార్యాలయంలో కూర్చొని కాక, ఎండలో నిలబడి ఆలోచించిన ఏర్పాటు. 2022లో తెలంగాణ తన సొంత సాఫ్ట్‌వేరు వదిలి కేంద్రం సాఫ్ట్‌వేరుకు మారినప్పుడు, అందులో ఆ గడి లేదు కనుక భత్యమూ పోయింది. ఎండ మాత్రం పోలేదు.

ఇక 'గుంతలు' అన్న ఆక్షేపణకు వస్తాను. ధరూర్ మండలంలో ప్రియదర్శిని జూరాల ఆనకట్ట ఉన్నది. నెట్టెంపాడు ఎత్తిపోతల పథకంలోని గుడెందొడ్డి జలాశయం కూడా ఈ మండలంలోదే. కాలువ నీరు అందే భూమి బాగుపడింది, సందేహం లేదు. కానీ కాలువకు ఎగువనున్న మెట్ట చేలు, వాటిలోని కుంటలు, వాగుల మీది చిన్న కట్టలు ఏ ఇంజినీరు పటంలోనూ పెద్దగా కనబడవు. వాటిలో పూడిక తీసే పని పెద్ద గుత్తేదారుకు గిట్టదు. అది చేయగలిగినది ఈ కరువు పని ఒక్కటే. నేను చూసిన చెరువులో తీసిన ఒండ్రును ట్రాక్టర్లలో చేలకు తోలుకుంటున్నారు. అన్ని పనులూ ఇట్లా ఉపయోగపడ్డాయని అనను. ఒక వానకు కొట్టుకుపోయిన కట్టలు, మొదటి వేసవికే ఎండిపోయిన మొక్కలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. కానీ ఏ పని కావాలో ఊరు నిర్ణయించిన చోట గుంత చెరువయింది; పైనుంచి లక్ష్యం దిగిన చోట చెరువు గుంతగానే మిగిలింది. ఇక్కడా అదే సంగతి. అడిగిన పనికీ, ఇచ్చిన పనికీ తేడా.

ఇక రైతు మిత్రుల ఆక్షేపణ. 'ఈ పథకం వచ్చాక కూలీలు దొరకడం లేదు, కూలి రేట్లు పెరిగిపోయాయి, జనం సోమరులయ్యారు.' నేను రైతు కుటుంబంలోనే పుట్టాను. ఈ మాటలోని బాధ నాకు తెలియనిది కాదు. గిట్టుబాటు ధర లేని రైతుకు ప్రతి రూపాయి కూలీ బరువే. కానీ ఈ 'పెరిగిపోవడం' ఏమిటో కాస్త లోతుగా చూడాలి. 2010-12 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్ కార్డుల ద్వారా కూలి చెల్లించడం కొన్ని మండలాలలో ముందుగా, కొన్నింటిలో తరువాత మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ఆ రెండు రకాల మండలాలనూ పోల్చి చూశారు. వారు చూసిన 8 జిల్లాలలో మన పొరుగునున్న కర్నూలు ఒకటి. కూలి సక్రమంగా అందడం మొదలైన మండలాలలో పేదల ఆదాయం పెరిగింది. ఆ పెరిగిన ఆదాయంలో పదింట ఎనిమిది వంతులకు మించి వచ్చినది ఉపాధి పని నుంచి కాదు, బయటి పని నుంచి! ఎందుకట్లా? వేరే చోట నమ్మకంగా కూలి దొరుకుతుందని తెలిసిన మనిషి, ఆసామి చెప్పిన ధరకల్లా తల ఊపదు. వెళ్ళకపోయినా సరే, వెళ్ళగలనన్న ధైర్యం ఆమె పక్షాన మాట్లాడుతుంది. హక్కు అంటే అదే కదా. దాని నీడ కూడా పనిచేస్తుంది.

నడిగడ్డలో ఈ నీడ ఎంత అవసరమో చెప్పడానికి పత్తి విత్తన పంట ఒక్కటి చాలు. సంకర పత్తి విత్తనోత్పత్తికి గద్వాల ప్రాంతం దేశంలోనే పేరుపొందినది. ప్రతి పూవునూ చేత్తో విప్పి, కేసరాలు తీసి, మరునాడు మగపూవు పుప్పొడి అద్దాలి. వందల చేతులు వారాల తరబడి చేయవలసిన పని. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. చాలా కాలం బడి మానిన ఆడపిల్లలవి కూడా. పిల్లల చేతులు చౌక కాబట్టి వాడారు; పెద్దల చేతులకు బేరమాడే బలం లేదు కాబట్టి పిల్లలను పంపారు. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. తెలంగాణ జిల్లాలలో అన్నిటికన్నా అడుగున ఉన్నది. ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి సంబంధం లేనివని నేను అనుకోను.

వలస మాటేమిటని అడగవచ్చు. 'పాలమూరు లేబర్' అన్న మాట దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర, నగరాలలో కట్టుకుంటున్న మేడల దగ్గర వినబడింది. ఉపాధి హామీ వలసను ఆపలేదు. ముసలివారినీ, పసిపిల్లల తల్లులనూ ఊళ్ళో నిలిపింది. గుంపు మేస్త్రీ వెంట వెళ్ళేవారిని నిలపలేకపోయింది. కారణం కూలి ధర ఒక్కటే కాదు. మేస్త్రీ దసరాకో దీపావళికో ఇంటికి వచ్చి, వేలల్లో బయానా చేతిలో పెడతాడు. బిడ్డ పెళ్ళికో, ఆసుపత్రికో, పాత అప్పుకో ఆ మొత్తం ఒక్కసారిగా కావాలి. ఆ తరువాత అతడు చెప్పిన చోటుకల్లా వెళ్ళి, ఆ అప్పు తీరేదాకా పని చేయాలి. సర్కారు కూలి ఎప్పుడు పడుతుందో తెలియదు. మేస్త్రీ సొమ్ము ముందే పడుతుంది. నమ్మకం విషయంలో ప్రభుత్వం ఒక గుంపు మేస్త్రీ చేతిలో ఓడిపోయిందంటే అతిశయోక్తి కాదు. రసీదు అన్నది కూడా ఒక రకం బయానాయే. సొమ్ము కాకపోయినా, 'ఫలానా తేదీలోగా నీకు పని' అని ప్రభుత్వం ముందుగా ఇచ్చే మాట. అది ఇవ్వనే లేదు.

ఈ నేపథ్యంలో 2025 డిసెంబరు వచ్చింది. పాత చట్టం స్థానే 'వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్)' అనే కొత్త చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. వంద రోజులను 125 చేశారు, ఇది మెచ్చుకోదగినదే. కానీ కూలి ఖర్చు మొత్తం కేంద్రమే భరించే పద్ధతి పోయి, మన వంటి రాష్ట్రాలకు 60:40 నిష్పత్తి వచ్చింది. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందుగా నిర్ణయిస్తుంది. దాటితే ఆ భారం రాష్ట్రానిదే. విత్తే కాలంలో, కోతల కాలంలో మొత్తం 60 రోజులు పనులు ఆపడానికి వీలు కల్పించారు.

పాత చట్టాన్ని ప్రేమించినవారు దీన్ని చూసి హక్కు పోయిందని దుఃఖించారు. ఆ దుఃఖంలో నాకూ పాలున్నది. అయితే నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఎంత సొమ్ము ఉంటే అంత పని, పొలం పనులున్నప్పుడు సర్కారు పని లేదు, వేసవి వస్తే తెరవడం, వానలు పడితే మూయడం... ఇవన్నీ మన ఊళ్ళలో ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతులే. ఆచరణలో ఉన్నదాన్ని చట్టం ఇప్పుడు వ్రాసి పెట్టుకున్నది, అంతే. ఇరవై ఏళ్ళు ఆ పెద్దావిడ 'ఇచ్చినపుడు పోతం' అన్నది. చివరకు చట్టమే ఆమె మాటకు దిగివచ్చింది. పత్తి చేలలో చేతులు అవసరమైన రోజులలో, పోవడానికి మరో చోటున్నదన్న ధైర్యాన్ని ఇక చట్టమే తీసి పక్కన పెట్టవచ్చు. చేతికి రసీదు అందని హక్కును తీసివేస్తే, పోయిందని చూపడానికి మా ఊళ్ళో ఎవరి దగ్గరా ఆధారం లేదు. జనం వీధుల్లోకి ఎందుకు రాలేదని పట్నంలో కూర్చొని ఆశ్చర్యపోయే మిత్రులకు నా జవాబు ఇదే.

అయినా నిరాశ పనికిరాదు. ఏ చట్టమైనా, ఎవరు తెచ్చినదైనా, 'హామీ' అన్న మాట వాడుతున్నంతకాలం ఒక్క చిన్న పని చేయమని అడగవచ్చు. ప్రతి పంచాయతీలో, వరుస సంఖ్యలు వేసిన రసీదు పుస్తకం ఒకటి పెట్టండి. ఎవరు వచ్చి పని అడిగినా పేరు, తేదీ వ్రాసి సగం చింపి చేతికివ్వండి. మిగతా సగం గోడకు అంటించండి. దీనికి ఉపగ్రహాలు అక్కరలేదు, సిగ్నలు అక్కరలేదు, వేలిముద్ర యంత్రం అసలే అక్కరలేదు. సామాజిక తనిఖీవారు ఊళ్ళోకి వచ్చినప్పుడు మొదటి ప్రశ్నగా ఆ పుస్తకం తెప్పించి, 'ఎంతమంది అడిగారు, ఎంతమందికి ఇచ్చారు' అని గ్రామసభలో చదవండి. సర్కారు కొనే ధాన్యానికి రసీదు ఇస్తున్నారు, బ్యాంకులో వేసే వంద రూపాయలకు ఇస్తున్నారు. మనిషి తన రెక్కల కష్టాన్ని ఇస్తానని వచ్చినప్పుడు ఇవ్వడానికి అభ్యంతరమేమిటి?

మిత్రులారా, మనలో చాలామందికి ఎక్కడో ఒక ఊరున్నది. పండగకో పెళ్ళికో వెళతాం. ఈసారి వెళ్ళినప్పుడు, పని ఎన్ని రోజులు పెట్టారు, కూలి ఎంత పడింది అన్నవాటితో ఆగకండి. 'పని కావాలని అడిగారా? అడిగినట్టు కాగితం ఇచ్చారా?' అని కూడా అడగండి. ఒక్క ఊళ్ళోనైనా ఎవరైనా కొంగు ముడి విప్పి ఒక రసీదు తీసి చూపిస్తే, దయచేసి నాకు చెప్పండి. ఆ ఊరు చూడడానికి నేను తప్పక వస్తాను.